‘వస్తా’ అంటే ఏ వస్తా?

స్పానిష్ నేర్చుకోవాలంటే ముందు ఇంగ్లీషు రావాలా? ఈ సవాల్ మీద మా ఖాందాన్‌లో నెల రోజులు బహస్ నడిచింది. దీని జవాబు మీద ఒక ఆడపిల్ల చదువు ఆధారపడి ఉంది కాబట్టి నడిచింది. లేకపోతే అరటి గెలల ఊరు రావులపాలెంలో స్పానిష్ క్రియల ఫికర్ ఎవరికి?

మా ఆపా కూతురు డిగ్రీ పూర్తి చేసింది. అనంతపురంలో ఆర్డీటీ వాళ్ళు నడిపే విదేశీ భాషల స్కూల్లో చేరి స్పానిష్ నేర్చుకుంటానని పట్టు పట్టింది. అనంతపురానికీ స్పానిష్‌కీ ఏం రిష్తా అంటారా? ఉంది. బార్సిలోనాలో 1920లో పుట్టిన విసెంటే ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, అన్నే ఫెర్రర్‌తో కలిసి ఆర్డీటీ పెట్టారు. 2009లో ఆ జిల్లాలోనే కన్నుమూశారు. స్పెయిన్‌లో ఎన్నో కుటుంబాలు ఇప్పటికీ ఆ కరువు సీమ పిల్లల చదువుకి సాయం పంపుతాయి. ఇక్కడి పిల్లలు అక్కడికి ఖత్‌లు రాస్తారు. ఆ ఖత్‌లకి తర్జుమా కావాలి. తర్జుమాకి మనుషులు కావాలి. మన రాష్ట్రంలో స్పానిష్‌తో రోటీ సంపాదించుకునే దారి ఎక్కడైనా ఉందంటే ముందు చెప్పుకోవలసిన ఊరు అదే. ఇది విన్నాకే మా భాంజీకి ఆ భాష మీద మనసు పడింది.

దూల్హాభాయ్‌ది అరటి మార్కెట్లో గుమాస్తా పని. ఆయన అభ్యంతరాలు మూడు. ఒకటి, రాష్ట్రం ఆ చివరకి పిల్లని ఒంటరిగా పంపడం. రెండు, తణుకు వైపు నుంచి ఒక మంచి రిష్తా వచ్చి ఉండడం. మూడోది అన్నిటికంటే గట్టిది: “ఇంగ్లీషే సరిగ్గా రాని పిల్లకి స్పానిష్ ఎలా వస్తుంది?” చివరికి ఒక షరతు పెట్టారు. “నెల రోజులు చూద్దాం. ఈ జబాన్ దీనికి అబ్బుతుందని మీ మామూ చెప్తే పంపుతా.” అలా ఫైసలా నా నెత్తిన పడింది.

నాకేమో స్పానిష్ కొత్త కాదు గానీ పాండిత్యమూ లేదు. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు సాహిత్యం, తర్వాత ఇరవై ఏళ్ళ అఖ్బార్ కొలువు. భాష ఎలా నడుస్తుందో విప్పి చూడడం మాత్రం అలవాటు. రోజూ మగ్రిబ్ తర్వాత గంట సేపు ఇద్దరం కూర్చునేవాళ్ళం.

మొదటి రోజే ఆమె కష్టం అర్థమైంది. ఫోన్లో పాఠాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. స్పానిష్ వాక్యాన్ని ముందు ఇంగ్లీషులోకి, దాన్ని తెలుగులోకి, జవాబుని మళ్ళీ అదే దారిన వెనక్కి తీసుకెళ్తోంది. నది దాటడానికి రెండు వంతెనలు ఎక్కి దిగుతున్నట్టుంది. “మామూ, ఇంట్లో దఖ్నీ, బళ్ళో కొన్నాళ్ళు ఉర్దూ, తర్వాత తెలుగు. నాకు ఏ జబానూ పూర్తిగా రాదు” అంది. మన ఇళ్ళల్లో ఈ మాట చాలామంది పిల్లలు అంటారు. పైకి అనకపోయినా లోపల అనుకుంటారు. నెల రోజుల్లో నేను చూసింది దీనికి ఉల్టా. స్పానిష్ వర్తమాన కాలానికి ఉన్న తాళాల్లో కొన్నిటికి చావి ఉర్దూలో ఉంది, కొన్నిటికి తెలుగులో ఉంది. రెండూ చేతిలో ఉన్న పిల్లకి ఇంగ్లీషు వంతెన ఎక్కే జరూరత్ చాలా చోట్ల లేదు.

మొదట ‘మాట్లాడు’ అనే క్రియ తీసుకున్నాం. స్పానిష్‌లో ఆబ్లార్. ముందు హెచ్ అక్షరం రాస్తారు, పలకరు. చివరి ‘ఆర్’ తీసేసి, ఎవరు మాట్లాడుతున్నారో చెప్పే ముక్క తగిలిస్తారు. ఆబ్లో అంటే నేను మాట్లాడతాను. ఆబ్లాస్ అంటే నువ్వు. ఆబ్లా అంటే అతను, ఆమె ఇద్దరికీ. ఆబ్లామోస్ అంటే మేము, మనం రెండూ. ఆబ్లాన్ అంటే వాళ్ళు. స్పెయిన్‌లో చనువుగా ‘మీరంతా’ అనడానికి ఆబ్లాయిస్ అని ఇంకో రూపం ఉంది. లాటిన్ అమెరికా దేశాల్లో అది లేదు, ఆబ్లాన్‌తోనే సరిపెట్టుకుంటారు.

ఇంగ్లీషు పాఠం ఇక్కడ ఒక పేజీ హెచ్చరిక పెట్టింది: ‘నేను’, ‘నువ్వు’ అనే మాటలు ప్రతిసారీ చెప్పక్కర్లేదు, క్రియ చివరే చెప్పేస్తుంది అని. మా భాంజీ నవ్వింది. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తారు అనే మనకి ఇది ఒకరు చెప్పాలా? ‘వస్తాను’ అన్నాక మళ్ళీ ‘నేను’ ఎందుకు? ‘ఎర్’తో ముగిసే కోమేర్ (తినడం), ‘ఈర్’తో ముగిసే బిబీర్ (బతకడం, ఒక చోట ఉండడం) కూడా ఇలాగే నడుస్తాయి. కోమో, కోమెస్, కోమె. బీబో, బీబెస్, బీబె. అన్నట్టు, రాతలో ‘వి’ అక్షరం ఉన్నా నోట్లో పలికేది ‘బ’.

మర్యాద కూడా మనదే. చనువున్న మనిషికి ‘తూ’, అచ్చంగా ఉర్దూ ‘తూ’. పెద్దవాళ్ళకి ‘ఉస్తేద్’. ఈ ఉస్తేద్ పక్కన క్రియ ‘అతను’ రూపంలో వస్తుంది: ఉస్తేద్ ఆబ్లా. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతూ ‘అతను’ రూపమేంటని అడిగింది. ఉస్తేద్ పుట్టింది ‘తమ దయ’ అనే అర్థమున్న పాత గౌరవ వాచకం నుంచి. మన బుజుర్గ్‌లు ఎదుటి మనిషినే ‘హుజూర్ క్యా ఫర్మాతే హైఁ?’ అని అడిగేవాళ్ళు కదా, అదే తహజీబ్. నేరుగా వేలు చూపకుండా, దూరం నుంచి సలాం చేసినట్టు.

కొన్ని క్రియలు మధ్యలో రూపం మారుస్తాయి. ‘చేయగలను’ అనే పొదేర్ చూడండి. ప్వేదో, ప్వేదెస్, ప్వేదె, కానీ ‘మేము’ దగ్గర పొదేమోస్. నొక్కి పలికే చోట ‘ఓ’ విరుగుతుంది. ‘మేము’ దగ్గర ఆ నొక్కు చివరి ముక్క మీదకి జరుగుతుంది కాబట్టి విరగదు. దీనికి కాయిదా ఉంది గానీ నోటికి రావాలంటే అభ్యాసం తప్పదు. “ఒకే క్రియ ఇలా మారితే ఎలా మామూ?” అంటే, “‘వచ్చాడు’, ‘రాలేదు’ ఒకే క్రియ అని నీకెవరు నేర్పారు?” అన్నాను. ఎవరూ నేర్పలేదు. విని విని వచ్చింది.

రెండో వారంలో అసలు చిక్కు ఎదురైంది. వ్యాకరణంలో వర్తమానాన్ని ఉర్దూ వాళ్ళు ‘జమానా-ఎ-హాల్’ అంటారు. గడిచింది మాజీ, రాబోయేది ముస్తక్బిల్. మా ఉర్దూ బళ్ళో ఈ మూడింటినీ పలక మీద మూడు గళ్ళు గీసి నేర్పారు. ఆతా హూఁ అంటే అలవాటుగా వస్తాను. ఆ రహా హూఁ అంటే ఇప్పుడు వస్తున్నాను. ఆఊంగా అంటే ముందు ముందు వస్తాను. తెలుగులో మొదటిదీ మూడోదీ ఒకటే మాట: వస్తాను. ‘రోజూ మార్కెట్‌కి వస్తాను.’ ‘రేపు మార్కెట్‌కి వస్తాను.’ ‘రోజూ’, ‘రేపు’ తీసేస్తే ఏది ఏదో చెప్పలేం. అలవాటుని, స్వభావాన్ని చెప్పే ఈ రూపానికి తెలుగు వ్యాకరణంలో తద్ధర్మార్థకం అని వేరే పేరే ఉంది. ఇంట్లో మాట్లాడుకునే దఖ్నీ మీద కూడా తెలుగు నీడ పడింది. కితాబీ ఉర్దూలో ‘కల్ ఆఊంగా’ అనాల్సిన చోట మనం ‘కల్ ఆతూఁ’ అంటాం.

స్పానిష్‌లోనూ మూడు గళ్ళు ఉన్నాయి. బేంగో, వస్తాను. ఎస్తోయ్ బిన్యేందో, వస్తున్నాను. బెంద్రే, ముందు ముందు వస్తాను. తెలుగు ఒక్కటే తెలిస్తే మొదటిదీ మూడోదీ కలిసిపోతాయి. అందుకే నేను ఆమెని ప్రతి వాక్యాన్నీ ముందు కితాబీ ఉర్దూలో చెప్పమన్నాను. ‘ఆతీ హూఁ’ అనాలా, ‘ఆఊంగీ’ అనాలా? అది తేలితే స్పానిష్ గడి తేలినట్టే. పైగా ఆతా, ఆతీ అని ఆడామగా తేడా స్పానిష్ క్రియకి లేదు. ఆ బోఝా తగ్గింది.

అయితే మూడు గళ్ళ మధ్య గోడలు అంత గట్టివి కావు. వాడుక చూస్తే మూడు సంగతులు బయటపడతాయి. మొదటిది, ‘ఏం చేస్తున్నావు?’ అని అడగడానికి స్పానిష్ వాళ్ళు తరచు మామూలు వర్తమానమే వాడతారు: ‘కె ఆసెస్?’ ‘ఇదిగో, ఈ నిమిషంలోనే’ అని నొక్కాలంటే ఎస్తోయ్ కోమ్యేందో (తింటున్నాను) లాంటి రూపం తీస్తారు. రెండోది, ‘రేపు వస్తున్నాను’, ‘కల్ ఆ రహా హూఁ’ అని మనం అంటాం గానీ, స్పానిష్‌లో ఆ ‘తున్నాను’ రూపాన్ని రేపటి ప్రయాణానికి వాడరు. పక్కాగా తేలిన రేపటి పనికి మామూలు వర్తమానమే చాలు: మన్యానా బేంగో. మూడోది, ‘ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను’ అనే మాట. ఇంగ్లీషులో ఇది పిల్లల్ని ఏడిపించే వాక్యం. స్పానిష్‌లో మామూలు ‘బీబో’ పెట్టి ఎన్నేళ్ళ నుంచో చెప్తే సరి. మొదలైంది మాజీలో అయినా నడుస్తోంది హాల్‌లోనే కదా, మన లెక్కే వాళ్ళ లెక్క.

ఆ సాయంత్రం దూల్హాభాయ్ కూడా గడప దగ్గర కూర్చుని వింటున్నారు. ఆయన తమ్ముడు కువైట్‌లో డ్రైవర్. కోనసీమలో గల్ఫ్ మనిషి లేని వాడ అరుదు. ఎప్పుడు ఫోన్ చేసినా ‘వస్తా భాయ్, వస్తా’ అంటాడు. ఏళ్ళు గడుస్తున్నాయి. “వాడు అనే ‘వస్తా’ ఇందులో ఏ గడి?” అని అడిగారు దూల్హాభాయ్. ఎవరం మాట్లాడలేదు. ఆయన మొదటి అభ్యంతరం, దూరం పంపడం అన్నది, ఎక్కడి నుంచి పుట్టిందో నాకు ఆ రోజు తెలిసింది.

మూడో వారం ‘ఉండడం’ గురించి. స్పానిష్‌లో దానికి రెండు క్రియలు: సేర్, ఎస్తార్. సోయ్, ఎరెస్, ఎస్, సోమోస్, సోన్ అనేవి సేర్ రూపాలు. ఎస్తోయ్, ఎస్తాస్, ఎస్తా, ఎస్తామోస్, ఎస్తాన్ అనేవి ఎస్తార్ రూపాలు. ఉర్దూ ఇక్కడ ఉపయోగపడదు. ‘మైఁ సహాఫీ హూఁ’, ‘మైఁ రావులపాలెం మేఁ హూఁ’, రెండు చోట్లా ‘హూఁ’ ఒకటే. ఇంగ్లీషుదీ అదే గతి. తెలుగు చూడండి. ‘నేను విలేకరిని.’ ఇందులో క్రియే లేదు. ‘నేను రావులపాలెంలో ఉన్నాను.’ ఇందులో ఉంది. క్రియ లేకుండా నిలబడే మొదటి వాక్యానికి స్పానిష్‌లో సోయ్. ‘ఉన్నాను’ అన్న రెండోదానికి ఎస్తోయ్. మన తెలుగు ఎప్పటి నుంచో పాటిస్తున్న తేడాయే ఇది.

ఫోన్ పాఠం ఇచ్చిన కాయిదా వేరు: శాశ్వతమైతే సేర్, తాత్కాలికమైతే ఎస్తార్. మా భాంజీ దాన్నే పట్టుకుని ‘రావులపాలెం గౌతమి ఒడ్డున ఉంది’ అనే వాక్యానికి సేర్ పెట్టింది. ఊరు ఎక్కడికీ కదలదు కదా అని ఆమె తర్కం. కాని స్పానిష్‌లో అక్కడ ఎస్తా అనే అనాలి. చనిపోయిన మనిషి గురించి చెప్పడానికీ ఎస్తా ముఏర్తో అంటారు. మౌత్ కంటే శాశ్వతం ఏముంది? కాబట్టి ఆ కాయిదా సగం దారిలో వదిలేస్తుంది. మేం వేరే కొలబద్ద పెట్టుకున్నాం: చెప్పేది ‘అసల్’ గురించా, ‘హాల్’ గురించా? ఏ మనిషి, ఏ వస్తువు, ఎవరి బిడ్డ, ఏ ఊరివాడు, ఇది అసల్, దీనికి సేర్. ఎక్కడ ఉంది, ఏ స్థితిలో ఉంది, ఇది హాల్, దీనికి ఎస్తార్. ‘క్యా హాల్ హై?’ అని మనం అడిగినట్టే వాళ్ళు ‘కోమో ఎస్తాస్?’ అంటారు. కాలానికీ స్థితికీ ఒకే లఫ్జ్ పెట్టిన ఉర్దూ ఇలా మళ్ళీ అక్కరకొచ్చింది.

తెలుగుని గుడ్డిగా నమ్మడానికీ లేదు. ‘అమ్మాయి పొడుగ్గా ఉంది’ అంటాం, ‘ఉంది’ అని. స్పానిష్‌లో పొడుగు అసల్ కిందకి వస్తుంది, అందుకని సేర్. అనుమానం వచ్చినప్పుడల్లా అసల్, హాల్ అని అడుగుకోవడమే.

నాలుగో వారం ఇష్టాయిష్టాలు. ఇంగ్లీషు పాఠంలో అందరూ తడబడే చోటు ఇది. స్పానిష్‌లో ‘నేను అరటిపండుని ఇష్టపడతాను’ అనరు. ‘మె గుస్తా’ అంటారు. ‘మె’ అంటే నాకు. నాకు ఇష్టం. ముఝే పసంద్ హై. మన రెండు జబాన్లూ ఒకే మాట చెప్తున్నాయి. పండ్లు ఎక్కువైతే క్రియ పండ్లని బట్టి మారుతుంది, మె గుస్తాన్. ఉర్దూలో ‘కేలా పసంద్ హై’, ‘కేలే పసంద్ హైఁ’ అయినట్టే. ఈ పాఠం పది నిమిషాల్లో అయిపోయింది.

మర్నాడు మాత్రం రెండు చావీలూ పని చేయలేదు. ‘నాకు ఆకలేస్తోంది’, ‘ముఝే భూఖ్ లగీ’. నాకు, ముఝే అని ఉంది కదా అని ఆమె మళ్ళీ ‘మె’తో మొదలుపెట్టింది. కాని స్పానిష్‌లో ఆకలిని కలిగి ఉంటారు: తేంగో ఆంబ్రె. వయసునీ కలిగి ఉంటారు. ‘కలిగి ఉండు’ అని మామూలు మాటల్లో మనం తెలుగులోనూ అనం, ఉర్దూలోనూ అనం. ఇలాంటివి కొత్తగా నేర్చుకోవాల్సిందే. అన్నీ మన దగ్గరే ఉన్నాయని చెప్పడం నా మక్సద్ కాదు.

చివరి పాఠం దువాకి సంబంధించింది. దక్షిణ స్పెయిన్‌లో శతాబ్దాల పాటు అరబీ మాట్లాడారు. గ్రెనడా సల్తనత్ ముగిసింది 1492లో. ఆ జబాన్ వదిలిపోయిన లఫ్జ్‌లు స్పానిష్‌లో వేలల్లో ఉన్నాయి. నరాంఖా అంటే నారింజ, మన నారంగీ. అసూకర్ అంటే చక్కెర, మన శక్కర్. ఫులానో అంటే ‘ఫలానా మనిషి’. ఉర్దూకీ, అక్కడి నుంచి తెలుగుకీ వచ్చిన ఆ ఫలానా, అటు స్పెయిన్‌కీ వెళ్ళింది. ఈ లఫ్జ్‌లు వినడానికి మజాగా ఉంటాయి గానీ వాటితో మాట్లాడడం రాదు. మాట నడిపేది క్రియే.

అలాంటి లఫ్జ్ ఒక్కటి మాత్రం క్రియని పట్టుకునే వస్తుంది: ఓఖలా. చివరి ‘లా’ని నొక్కి పలకాలి. మధ్యలో ఉన్నది ఖుదాలో ఉన్న ఖ. అల్లాహ్ తలిస్తే అనే అరబీ మాట నుంచి పుట్టింది. ఇప్పుడు ఏ మజహబ్ వాళ్ళయినా ‘అలా జరిగితే బాగుండు’ అనే అర్థంలో వాడతారు. దాని వెనక ‘బేంగో’ కుటుంబంలోని మామూలు రూపం రాకూడదు. ‘అతను వస్తాడు’ అంటే బ్యేనె. ‘అతను వస్తే బాగుండు’ అంటే ఓఖలా బేంగా. ఇదీ వర్తమానమే. కాకపోతే జరుగుతున్నదాన్ని కాదు, మనసు కోరుతున్నదాన్ని చెప్పే వర్తమానం. తెలుగులో దీనికి సరితూగే ఒంటి రూపం దొరకదు. ఉర్దూలో ఉంది. ‘వో ఆతా హై’ అంటే వస్తాడు. ‘ఖుదా కరే వో ఆయే’ అంటే వస్తే బాగుండు. ‘ఆయే’ అన్న చోట ‘బేంగా’. ఇది చెప్పగానే మా ఆపా వంటింట్లోంచి, “మీ చచ్చా గురించి మీ దాదీ ఏళ్ళుగా చేస్తున్న దువా ఇదే కదా” అంది.

నెల తిరిగింది. నా ఫైసలా చెప్పాల్సిన రోజున దూల్హాభాయ్ నన్ను అడగలేదు. కూతుర్నే మార్కెట్‌కి తీసుకెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. లారీకి ఎక్కించడానికి సిద్ధంగా ఉన్న కర్పూర అరటి గెల చూపించి, “దీని గురించి చెప్పు” అన్నారు. “ఎస్తా బేర్దె” అంది. బేర్దె అంటే ఆకుపచ్చ. ఎస్తాతో చెప్తే ఇంకా పచ్చిగా ఉంది, పండలేదు అని. అదే ఎస్ బేర్దె అంటే దాని రంగే పచ్చ అని. “రంగు వేరు, హాల్ వేరు అబ్బా. పచ్చ, పచ్చి, మనకి రెండు మాటలున్నట్టే” అని వివరించింది. ముప్పై ఏళ్ళుగా గెల తట్టి ఎన్ని రోజుల్లో పండుతుందో చెప్పే మనిషి ఆయన. ఆ తేడా ఆయనకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. నా వైపు చూసి, “దీనికి వస్తుంది” అన్నారు. తణుకు వాళ్ళకి ఏం చెప్పారో నేను అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆయన ఒక మాట అడిగారు. “అక్కడికి వెళ్ళాక నువ్వు ఫోన్లో ‘వస్తా’ అంటే, ఏ గడి అనుకోవాలి మేము?”

ఆమె కొంచెం ఆలోచించింది. ఇల్లు దాటేటప్పుడు తెలుగువాళ్ళు ‘వెళ్తాను’ అనరు, ‘వెళ్ళొస్తాను’ అంటారు. మన ఇళ్ళల్లో ‘జాకో ఆతూఁ’ అంటారు. స్పానిష్ వాళ్ళు ‘ఆవోరా బ్వెల్బో’ అంటారు, ఇప్పుడే తిరిగొస్తాను అని. మూడింటిలోనూ చెప్పేది రాబోయే సంగతే అయినా క్రియ ముస్తక్బిల్‌లో లేదు, వర్తమానం రూపంలో ఉంది. తిరిగి రావడం పక్కా అనుకున్నప్పుడు అలా అంటారు.

ఇదంతా ఆమె వాళ్ళ నాన్నకి చెప్పలేదు. “జాకో ఆతీ అబ్బా” అంది. అంతే.